ఇంట్లో ఎన్ని పిల్లులు? ఈ పూట ఏది తినలేదో చెప్పగలిగినన్ని

ప్రశ్న: మాది కాకినాడ. రెండు బెడ్‌రూముల ఫ్లాట్, 900 చదరపు అడుగులు, రెండో అంతస్తు. ఇంట్లో నేను, మావారు ఉంటాం. ఆయన కిందటేడు రిటైరయ్యారు. నాలుగేళ్ల బుజ్జి (ఆడది, ఆపరేషన్ అయింది), రెండేళ్ల చిన్నోడు (మగది, ఆపరేషన్ చేయించలేదు) మా దగ్గరే పెరిగాయి. నెల కిందట సెల్లార్‌లో తిరిగే పిల్లి ఒకటి మెట్ల కింద నాలుగు పిల్లల్ని పెట్టింది. వానకి నీళ్లు వచ్చేస్తుంటే చూడలేక తల్లినీ పిల్లల్నీ ఇంట్లోకి తెచ్చాను. పిల్లలకి ఇప్పుడు అయిదో వారం. అప్పట్నుంచి బుజ్జి మా పరుపు మీద మూత్రం పోస్తోంది. పక్క ఫ్లాట్ వాళ్లు వాసన వస్తోందంటున్నారు. "రెండు చాలు, మిగతావాటిని చేపల రేవులో వదిలేద్దాం, అక్కడ తిండికి లోటుండదు" అంటారు మావారు. "అన్నీ ఉంచుకో అమ్మా" అంటాడు హైదరాబాద్ నుంచి మా అబ్బాయి. అమ్మాయికి ఆరో నెల, దసరా వెళ్లాక పురిటికి వస్తుంది. గర్భిణి ఉన్న ఇంట్లో పిల్లులు ఉండకూడదని వియ్యపురాలు గట్టిగా చెబుతోంది. ఏడింటికీ పెరుగన్నం, చేప తలకాయలు పెడుతున్నాను. అసలు ఇంట్లో ఎన్ని పిల్లుల్ని ఉంచుకోవచ్చు? దీనికేమైనా లెక్క ఉందా? టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. (ఒక పాఠకురాలు)

జవాబు:

అమ్మా, లెక్క గురించి తర్వాత మాట్లాడుకుందాం. ముందు ఈ రాత్రే చేయాల్సిన పని ఒకటుంది. చిన్నోణ్ణి ఒక గదిలో, ఆ తల్లినీ పిల్లల్నీ ఇంకో గదిలో పెట్టి తలుపులు వేయండి. పాలిస్తున్నంత కాలం పిల్లి మళ్లీ చూలు కట్టదని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. పిల్లలు ఇంకా పాలు తాగుతుండగానే, ఈనిన కొద్ది వారాలకే తల్లి మళ్లీ ఎదకు రావచ్చు. పిల్లి చూలు కాలం తొమ్మిది వారాలు, అంటే 63 నుంచి 65 రోజులు. ఈ వారం అది కడితే, మీ అమ్మాయి పురిటికి వచ్చేసరికి మీ ఇంట్లో రెండు పురుళ్లుంటాయి.

చిన్నోడికి రేపే ఆపరేషన్ చేయించినా ఆ తలుపు వెంటనే తీయకండి. మగపిల్లికి ఆపరేషన్ అయ్యాక కూడా కొన్ని వారాలు చూలు చేసే శక్తి మిగిలే ఉంటుంది. నెలా పదిహేను రోజులు వేరుగా ఉంచితే నిశ్చింత.

ఇది ముందు ఎందుకు చెప్పానంటే, ఎన్ని పిల్లులు అనే ప్రశ్నకు ఆపరేషన్లు జరగని ఇంట్లో జవాబు ఉండదు. మీరు అయిదని తేల్చుకున్నా అది ఎనిమిదవుతుంది. ఆడపిల్లి నాలుగైదు నెలల వయసుకే ఎదకు రావచ్చు. అన్నాచెల్లెళ్లనే తేడా వాటికి లేదు. ఇప్పుడు మీ అరచేతిలో పట్టే ఆ పిల్లలే సంక్రాంతి నాటికి తల్లులవుతాయి. ముప్పై రెండేళ్లు పశుసంవర్ధక శాఖలో డాక్టరుగా పనిచేశాను. పాతిక, ముప్పై పిల్లులున్న ఇళ్లకు వెళ్లాను. వాళ్లలో ఒక్కరు కూడా పాతిక పెంచుదామని మొదలుపెట్టిన వాళ్లు కారు. ఒక ఆడపిల్లిని జాలిపడి లోపలికి రానిచ్చిన మంచివాళ్లు, అంతే. 2025లో పుణె హడప్సర్‌లో ఒకే ఫ్లాట్‌లో 300కు పైగా పిల్లులు బయటపడ్డాయని పేపర్లలో చదివే ఉంటారు. అందరూ ఆ సంఖ్య చూసి ముక్కున వేలేసుకున్నారు. నాకు మాత్రం ఆ ఇంట్లో పిల్లులు మూడో, నాలుగో ఉన్న రోజు మనసులో మెదిలింది. మీరిప్పుడు ఉన్నది ఆ రోజు దగ్గరే. సరైన సమయానికే అడిగారు.

ఇక మీ ప్రశ్న.

ఇంత ఇంటికి ఇన్ని అని చట్టంలో మీ ఫ్లాట్‌కి సరిపోయే అంకె వెతికితే దొరకదు. చదరపు అడుగుల లెక్కలు చెప్పేవాళ్లున్నారు గానీ, పెద్ద డాబా ఇంట్లో రెండు పిల్లులు పొద్దస్తమానం కొట్టుకోవడం చూశాను, రెండు గదుల పోర్షన్‌లో నాలుగు ఒకదాని మీద ఒకటి పడి నిద్రపోవడం చూశాను. నేను వాడే లెక్క ఇది: రాత్రి పడుకోబోయే ముందు, ఈ రోజు ఏ పిల్లి తినలేదు, ఏ పిల్లి మూత్రానికి వెళ్లలేదు అని ఎవరైనా అడిగితే, తడుముకోకుండా చెప్పగలగాలి. ఎన్నింటి గురించి అలా చెప్పగలరో అన్నే మీ పిల్లులు. ఆ పైన ఉన్నవి మీ ఇంట్లో ఉంటున్నాయి గానీ మీ పెంపకంలో లేవు.

ఈ లెక్క నాకు ఉత్తపుణ్యానికి రాలేదు. రాజమండ్రిలో పనిచేసే రోజుల్లో మా క్వార్టర్స్‌లో ఏడు పిల్లులుండేవి. అన్నీ ఆస్పత్రికి తెచ్చి వదిలేసినవే. పెరట్లో ఇసుక కుప్ప ఒకటే అన్నింటికీ. పండు అని తెల్లటి మగపిల్లి, నేను డ్యూటీ నుంచి రాగానే స్కూటర్ సీటెక్కి కూర్చునేవాడు. ఒక సోమవారం వాడు సీటెక్కలేదు. ఎక్కడో పడుకున్నాడులే అనుకున్నాను. మంగళవారం గిన్నెలన్నీ ఖాళీగానే ఉన్నాయి, కాబట్టి అందరూ తిన్నారనుకున్నాను. బుధవారం పొద్దున బీరువా వెనక దొరికాడు, పొట్ట రాయిలా ఉంది. మూత్రం బిగుసుకుపోయింది. మగపిల్లికి మూత్రనాళం చాలా సన్నం, సన్నటి ఇసుకలాంటి పలుకులు అడ్డుపడినా మూసుకుపోతుంది. ఒకటి రెండు రోజుల్లో విషం రక్తంలోకి ఎక్కి గుండె ఆగిపోతుంది. గొట్టం వేశాను, సెలైన్ పెట్టాను, మధ్యాహ్నానికి పోయాడు. వేరే ఎవరి పిల్లికైనా ఇలా జరిగితే "సోమవారమే ఎందుకు తీసుకురాలేదమ్మా" అని నేనే అడిగేదాన్ని. రెండు పిల్లులే ఉంటే సోమవారం సాయంత్రమే నాకు తెలిసేది. ఆ తర్వాత ఎప్పుడూ మూడుకి మించి పెంచలేదు.

అందుకే మీ చిన్నోడి గురించి ఒక మాట. మలమూత్రాలకి పెట్టే తొట్టిలో పదే పదే కూర్చుని ముక్కుతున్నా, చుక్క చుక్కగా పోస్తున్నా, అక్కడే నాక్కుంటున్నా అది మలబద్ధకం అనుకుని ఆగకండి. అది అర్ధరాత్రి అయినా డాక్టరు దగ్గరికి పరుగెత్తాల్సిన జబ్బు.

ఇప్పుడు బుజ్జి. నలుగురు మనుషులు చెప్పే మాటల కంటే ఆ పరుపు మీద అది చెబుతున్న మాట వినండి. ముందుగా మూత్రం పరీక్ష చేయించండి, ఇన్‌ఫెక్షన్ ఉంటే మందుతో తగ్గుతుంది. పరీక్షలో ఏమీ లేకపోతే అది కక్షతో చేస్తున్న పని కాదని నమ్మండి. నాలుగేళ్లుగా తనదనుకున్న ఇంట్లోకి ఒక్క రోజులో అయిదు కొత్త వాసనలు వచ్చాయి. తన తొట్టి దగ్గరికి వెళ్లాలంటే దారిలో పిల్లల తల్లి కూర్చుని ఉంది. పిల్లల తల్లి చూపు ఎలా ఉంటుందో మీకు తెలుసు. పిల్లులు కుక్కల్లా బయటికి అరిచి పోట్లాడుకునేవి తక్కువ. ఒకటి గుమ్మానికి అడ్డంగా పడుకుంటుంది, చూసేవాళ్లకి హాయిగా పడుకున్నట్టే ఉంటుంది. రెండోది ఆ గుమ్మం దాటడం మానేస్తుంది. దాహమైనా తాగదు, మూత్రం వచ్చినా ఆపుకుంటుంది, చివరికి మీ వాసన ఉన్న మెత్తటి చోటు, ధైర్యం అనిపించే చోటు చూసుకుంటుంది. అదే మీ పరుపు. దాన్ని కొట్టకండి, ముక్కు అందులో రుద్దకండి.

ఆ మరక మీద ఫినాయిల్ కూడా పోయకండి. ఫినాయిల్ పిల్లికి విషం, పాదాలకు అంటింది నాక్కుంటే లోపలికి పోతుంది. పెట్ షాపుల్లో ఎంజైమ్ కలిసిన క్లీనర్ దొరుకుతుంది, దానితో కడిగితేనే మూత్రం వాసన పిల్లి ముక్కుకు కూడా తెలియకుండా పోతుంది. మన ముక్కుకు పోయిందంటే సరిపోదు.

పక్కింటివాళ్లు అంటున్న వాసన మటుకు బుజ్జిది అయ్యుండదు. ఆపరేషన్ కాని మగపిల్లి మూత్రం ఘాటు వేరు. ఇంట్లోకి కొత్త ఆడపిల్లి వచ్చింది కనుక చిన్నోడు తలుపులకీ సోఫా వెనకా తోక ఎత్తి చిమ్ముతూ ఉంటాడు. ఆపరేషన్ అయితే చాలా మగపిల్లుల్లో ఈ అలవాటు తగ్గిపోతుంది, ఘాటూ పోతుంది. కాబట్టి పక్కింటి ఆవిడతో గొడవపడకండి, ఆవిడ చెప్పింది నిజమే. "పదిహేను రోజులు ఓపిక పట్టండి, ఇదిగో ఈ పనులు చేస్తున్నాను" అని మీరే వెళ్లి చెప్పండి. పెంపుడు జంతువులను అపార్ట్‌మెంట్ అసోసియేషన్లు నిషేధించకూడదని జంతు సంక్షేమ బోర్డు 2015లో ఇచ్చిన మార్గదర్శకాల్లో ఉంది. ఆ కాగితం మీ వైపే ఉన్నా, రోజూ ఎదురుపడే మనిషికి కాగితం చూపించడం కంటే శుభ్రం చూపించడం మంచిదని నా ఉద్దేశం.

తొట్ల సంగతి చెప్పాలి. ఎన్ని పిల్లులో అన్ని తొట్లు, పైన ఇంకొకటి. పశువైద్యులంతా చెప్పే పద్ధతి ఇదే. అవి కూడా వరసగా ఒకే బాల్కనీలో కాదు, వేర్వేరు చోట్ల. వరసగా పెడితే పిల్లి లెక్కలో అవన్నీ ఒకటే తొట్టి, దారికి ఒకరు అడ్డం పడుకుంటే అన్నీ పోయినట్టే. ఏడు పిల్లులంటే ఎనిమిది తొట్లు. 900 అడుగుల మీ ఇల్లు ఒకసారి కళ్ల ముందు తెచ్చుకుని ఎనిమిది తొట్లు ఎక్కడెక్కడ పెడతారో చూడండి. మూడింటికి నాలుగు పెట్టగలరు: రెండు బాత్రూముల్లో రెండు, బాల్కనీలో ఒకటి, హాల్లో టీవీ బల్ల పక్కన ఒకటి. నా దృష్టిలో మీ ఇంటి గోడలు చెబుతున్న అంకె మూడే. పనిలో పనిగా, అయిదు వారాల పిల్లలకి నీళ్లు తగిలితే గడ్డకట్టే రకం లిట్టర్ (తొట్టిలో పోసే పొడి) వేయకండి, అవి దాన్ని తినేస్తాయి. మామూలు ఇసుక గానీ రంపపు పొట్టు గానీ చాలు.

తిండి సంగతీ అదే అంకె చెబుతుంది. మీరు కోప్పడనంటే ఒక నిజం చెబుతాను. పెరుగన్నం పిల్లి తిండి కాదు. ఆకలికి తింటుంది, మీరు ప్రేమగా కలిపి పెడతారు గనుక ఇంకా తింటుంది. కానీ పిల్లి పూర్తిగా మాంసాహార జంతువు. టారిన్ అనే పదార్థాన్ని అది తన ఒంట్లో సరిపడా తయారు చేసుకోలేదు, మాంసం నుంచే రావాలి. అది తగ్గితే చూపు పోతుంది, గుండె కండరం సాగిపోతుంది. పిల్లుల్లో ఈ గుండె జబ్బుకు టారిన్ లోపమే కారణమని అమెరికాలో పరిశోధకులు 1987లో తేల్చారు. ఆ తర్వాతే కంపెనీలు తిండిలో దాన్ని ఎక్కువ కలపడం మొదలుపెట్టాయి. చేప మంచిదే, కాకినాడలో ఉండి చేప పెట్టొద్దంటే ఎలా! కానీ రోజూ కవళ్ల లాంటి నూనె చేపే పెడితే విటమిన్ ఇ తగ్గి ఒంట్లో కొవ్వంతా వాచి, చెయ్యి వేస్తేనే అరిచే జబ్బొకటి వస్తుంది. పచ్చి చేపలో బి1 విటమిన్‌ను పాడుచేసే గుణమూ ఉంటుంది. ఉడికించి, ముళ్లు తీసి, వారంలో రెండు రోజులు పెట్టండి. మిగతా రోజులు ఉడికించిన కోడి మాంసం, లివర్ కొంచెం, దానితోపాటు పిల్లుల డ్రై ఫుడ్.

నాలుగు కిలోల పిల్లికి పూర్తిగా డ్రై ఫుడ్ మీదే పెంచితే రోజుకి 50 నుంచి 60 గ్రాములు పడుతుంది. మూడింటికి నెలకి అయిదు కిలోలు. ఏడింటికి, పిల్లలు పెద్దవయ్యాక, పదకొండు పన్నెండు కిలోలు. దానిమీద లిట్టర్, ఏటా టీకాలు, నులిపురుగుల మందు, బుజ్జిది అయిపోయింది కనుక ఆరు ఆపరేషన్లు. మీవారి పెన్షన్ ఎంతో నాకు తెలియదు, అడగను కూడా. ఆయన "రెండు చాలు" అన్నప్పుడు ఈ లెక్కే మనసులో వేసుకుని ఉంటారని మాత్రం అనుకుంటున్నాను. ఆయన్ని కఠినాత్ముడనుకోకండి. ఏడింటికి పెరుగన్నం పెట్టడం కంటే మూడింటికి సరైన తిండి పెట్టడమే దయ.

కానీ చేపల రేవు మాట మాత్రం ఆయన వెనక్కి తీసుకోవాలి. అక్కడ చేపలున్నాయి గనుక పిల్లులు బతుకుతాయని చాలామంది వదిలేసి వస్తారు. అక్కడ పుట్టి పెరిగిన పిల్లులకే ఒక్కో గట్టు, ఒక్కో పడవ సొంతం. కొత్తగా వచ్చినదాన్ని దగ్గరికి రానివ్వవు. అయిదు వారాల పిల్ల కుక్కల మధ్య ఒక రాత్రి కూడా గడవదు. ఆకలిదప్పులతో బాధపడే పరిస్థితుల్లో జంతువును వదిలేయడం 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం 11వ సెక్షన్ ప్రకారం నేరం కూడా. ఈ మాట ఆయనతో మెల్లగా చెప్పండి. ఆయన వినే మనిషే అనిపిస్తోంది, "మిగతావాటిని చంపేద్దాం" అనలేదు, "తిండికి లోటుండదు" అన్నారు.

అబ్బాయికి కూడా ఒక మాట చెప్పండి. తొట్టి ఎత్తే చెయ్యి ఎవరిదో ఆ మనిషిదే నిర్ణయం. ఫోన్లో "అన్నీ ఉంచుకో" అన్న అబ్బాయిని రెండింటిని హైదరాబాద్ తీసుకెళ్లమనండి. సీరియస్‌గానే అంటున్నాను. అతను తీసుకుంటానంటే అంతకంటే మంచి ఇల్లు ఆ పిల్లలకు దొరకదు.

అమ్మాయి పురుడు గురించి వియ్యపురాలికి ఉన్న భయంలో కొంత నిజముంది, చాలావరకు పొరపాటుంది. ఆ నిజం పేరు టాక్సోప్లాస్మా. ఆ క్రిమి మొదటిసారి సోకిన పిల్లి ఒకటి నుంచి మూడు వారాల పాటు మలంలో దాని గుడ్లు విడుస్తుంది, ఆ తర్వాత మామూలుగా ఆగిపోతుంది. ఆ మలం పడిన వెంటనే ప్రమాదం కాదు. ఒకటి నుంచి అయిదు రోజులు నిల్వ ఉంటేనే అంటుకునే స్థితికి వస్తుంది. కాబట్టి రోజూ, ఒక్క రోజు కూడా తప్పకుండా తొట్టి ఎత్తేస్తే ముప్పు చాలావరకు తప్పుతుంది. ఎత్తేది మీరో, మీవారో అవ్వాలి, అమ్మాయి ఆ ఛాయలకు వెళ్లకూడదు. పిల్లిని నిమిరితే, పక్కన పడుకుంటే వచ్చేది కాదిది. నిజానికి సరిగ్గా ఉడకని మాంసం, కడగని కూరగాయలు, కుండీల్లో మట్టి కెలకడం, వీటి నుంచి సోకే అవకాశం ఇంట్లోనే ఉండి ఉడికిన తిండి తినే పిల్లి నుంచి కంటే ఎక్కువ. అమ్మాయికి చూసే డాక్టరమ్మకు ఇంట్లో పిల్లులున్నాయని చెప్పండి, రక్తపరీక్ష అవసరమో కాదో ఆవిడ చూసుకుంటుంది.

ఇక్కడ కూడా సంఖ్య తేడా చేస్తుందని గమనించండి. బుజ్జి నాలుగేళ్లుగా ఇంట్లో ఉన్నది. క్రిమిని కొత్తగా తెచ్చుకుని విడిచే అవకాశం ఎక్కువగా ఉండేది బయట వేటాడిన పిల్లులకీ, లేత వయసు పిల్లలకీ. అవి అమ్మాయి వచ్చేలోపు మంచి ఇళ్లకు చేరితే మీకూ వియ్యపురాలికీ మధ్య ఈ మాట పెరగదు. పుట్టిన బిడ్డ పడుకునే గదికి దోమల మెష్ తలుపు వేయించండి, పిల్లి ఉయ్యాలలోకి ఎక్కదు. బిడ్డ ఊపిరి పీల్చేస్తుందనే మాటలు నమ్మకండి.

ఇప్పుడు ఎవరెవరు ఉండాలి? నా అభిప్రాయం సూటిగా చెబుతాను. పిల్లల్ని ఇచ్చేయండి. తల్లికి మూడో స్థానం ఇచ్చి చూడండి.

మామూలుగా అందరూ దీనికి తిరగేసి చేస్తారు. ముద్దుగా ఉన్నాయని ఒక పిల్లను ఉంచుకుని తల్లిని బయటికి పంపుతారు. కానీ పిల్లల్ని అడిగేవాళ్లు దొరుకుతారు, పెద్ద వీధిపిల్లిని ఎవరూ అడగరు. ఆ తల్లి మిమ్మల్ని నమ్మింది. పిల్లి తన పిల్లల్ని ఏడిళ్లు తిప్పుతుందంటారు కదా, ప్రమాదం అనిపిస్తే నోట కరుచుకుని చోటు మారుస్తూనే ఉంటుంది. మీ ఇంటికి వచ్చాక నాలుగు వారాలు అది ఒక్కసారి కూడా చోటు మార్చినట్టు మీరు రాయలేదు.

పిల్లల్ని ఎనిమిది వారాలు నిండకముందు ఎవరికీ ఇవ్వకండి. పది, పన్నెండు వారాలైతే ఇంకా మంచిది, కరవకుండా ఆడుకోవడం, తొట్టి వాడడం తల్లి దగ్గరే నేర్చుకుంటాయి. ఎనిమిదో వారంలో ట్రైకాట్ (పిల్లులకు వచ్చే మూడు వైరస్ జబ్బులను ఆపే టీకా) మొదటి డోసు, ఆ తర్వాత మూడు నాలుగు వారాల తేడాతో బూస్టర్లు. పన్నెండు వారాలు దాటాక రేబీస్ టీకా. ట్రైకాట్ మానకండి. అది ఆపే జబ్బుల్లో పాన్‌ల్యూకోపీనియా ఒకటి. కుక్కలకు వచ్చే పార్వో వైరస్ జబ్బుకి చుట్టం, ఒక పిల్లకి వస్తే ఇంట్లో ఉన్న పిల్లలన్నిటినీ తుడిచిపెట్టేస్తుంది. రేబీస్ టీకా ఏటా జూలై 6న, జూనోసిస్ దినం నాడు, ప్రభుత్వ పశువైద్యశాలల్లో ఉచితంగా వేస్తారు. ఈ ఏడు ఆ తేదీ దాటిపోతే డబ్బు పెట్టే వేయించండి. ఈలోగా తల్లి గానీ పిల్లలు గానీ కరిచినా, రక్తం వచ్చేలా గీరినా, సబ్బుతో కుళాయి కింద పదిహేను నిమిషాలు కడిగి మనుషుల ఆస్పత్రికి వెళ్లండి. తల్లి గతం మనకు తెలియదు.

ఇచ్చేటప్పుడు రెండేసి కలిపి ఇవ్వడానికి ప్రయత్నించండి. కలిసి పుట్టినవి కలిసి పెరిగితే కొత్త ఇంట్లో ఏడవవు, వస్తువులు పాడుచేయడం కూడా తగ్గుతుంది. తీసుకునేవాళ్లింటికి ఒకసారి మీరే వెళ్లండి. బాల్కనీకి వల ఉందో లేదో చూడండి. పావురాల కోసం కట్టే సన్నటి నైలాన్ వలను పిల్లి కొరికేస్తుంది, ఇనుప మెష్ కావాలి. ఆరో నెలలోపు ఆపరేషన్ చేయిస్తామని మాట తీసుకోండి, ఫోన్ నంబరు దగ్గర పెట్టుకుని ఆ నెలలో మీరే గుర్తు చేయండి. పిల్లల రంగులు మీరు రాయలేదు. వాటిలో నలుపు, నారింజ, తెలుపు మూడూ కలిసినది ఉంటే అది దాదాపు ఎప్పుడూ ఆడదే అయ్యుంటుంది, నిండు నారింజ రంగుది ఎక్కువసార్లు మగది. ఆ వయసులో ఆడా మగా పోల్చుకోవడం కష్టం గనుక ఇది మీకు పనికొస్తుంది. నల్లపిల్ల ఉంటే దాన్ని శకునాలు పట్టించుకోని ఇంటికే ఇవ్వండి. ఎదురొచ్చిన ప్రతిసారీ తిట్టు తినే బతుకు దానికి వద్దు.

తల్లి సంగతి. పిల్లలు ఏడెనిమిది వారాలకి మెత్తటి తిండి బాగా తింటాయి. అప్పుడు పాలు మాన్పించి, రెండు వారాలకి పొదుగు ఎండాక ఆపరేషన్ చేయించండి. ప్రభుత్వ పశువైద్యశాలలో ముందు అడగండి. మీ జిల్లా కేంద్రంలో కుదరకపోతే గన్నవరం పశువైద్య కళాశాల ఉంది, విశాఖ వైపైతే వీఎస్‌పీసీఏ లాంటి జంతు సంస్థలున్నాయి. ఆపరేషన్ అయ్యాక దానికీ బుజ్జికీ కొత్తగా పరిచయం చేయండి, ఇప్పటిదాకా జరిగింది పరిచయం కాదు. తల్లిని ఒక గదిలోనే ఉంచి, దాని పాత గుడ్డ తెచ్చి బుజ్జి అన్నం గిన్నె దగ్గర వేయండి, బుజ్జి గుడ్డ దాని దగ్గర. మూసిన తలుపుకు చెరో వైపు గిన్నెలు పెట్టి ఒకే వేళకి తిండి పెట్టండి. వారం, పది రోజులు ఇలా. ఆ తర్వాత మెష్ తలుపు, ఆ తర్వాత రోజుకి పది నిమిషాలు ఎదురెదురుగా. తొందరపడితే మళ్లీ మొదటికొస్తుంది. బీరువా పైన, అటక మీద చెరొక చోటు చేయండి. పిల్లికి నేల కంటే ఎత్తు ముఖ్యం, ఎత్తున చోటుంటే చిన్న ఇల్లు కూడా పెద్దదవుతుంది.

రెండు నెలలు చూడండి. అప్పటికీ బుజ్జి తిండి తగ్గించినా, మంచం కింద నుంచి రాకపోయినా, పరుపు మానకపోయినా, మీ ఇంటి అంకె రెండు అని ఒప్పుకోండి. అప్పుడు తల్లిని అది ఇదివరకు తిరిగిన సెల్లార్‌లోనే, ఆపరేషన్, టీకాలు అయ్యాక వదిలి, రోజూ ఒకే వేళకి తిండి, నీళ్లు పెట్టండి. వాచ్‌మన్‌కి చెప్పి ఒక అట్టపెట్టె తడవని మూల పెట్టించండి. రేవులో వదిలేయడానికీ దీనికీ చాలా తేడా ఉంది. అది దానికి తెలిసిన చోటు, మీరు రోజూ చూసే చోటు. పిల్లుల మీద ప్రేమ ఉన్నవాళ్లకి ఇది ఓడిపోయినట్టు అనిపిస్తుందని నాకు తెలుసు. కానీ ముందు నుంచి మీ మీద ఆధారపడి ఉన్నది బుజ్జి. దాని నాలుగేళ్ల నమ్మకాన్ని పణంగా పెట్టి ఇంకొకదానికి మంచి చేయలేం.

మూడు దాటొద్దని నేను ఇంత గట్టిగా చెప్పడానికి మీ ఇంట్లో ఇంకో కారణముంది. అమ్మాయికి పురుడయ్యాక అయిదారు నెలలు మీ చేతుల్లో పసిబిడ్డ ఉంటుంది. అమ్మాయికి పథ్యం వండాలి, బిడ్డకి నీళ్లు పోయాలి, రాత్రుళ్లు లేవాలి. మామూలు రోజు ఎన్ని పిల్లుల్ని చూడగలరని కాదు, మీ ఇద్దరికీ ఒకేసారి జ్వరం వచ్చిన రోజు ఎన్నింటిని చూడగలరో అదే అడగండి. ఆ రోజు పక్కింటావిడ వచ్చి గిన్నెలు నింపగలిగేది ఎన్నింటికి? పిల్లి రెండు మూడు రోజులు ఏమీ తినకపోతే, అందులోనూ కాస్త లావుగా ఉన్నదైతే, కొవ్వు కాలేయంలో చేరి అది వేరే జబ్బవుతుంది. ఆకలేస్తే అదే తింటుందిలే అని వదిలేయడానికి లేదు. ఆ జ్వరాల రోజుల్లో పిల్లి నలతగా ఉందని పారాసిటమాల్ ముక్క మాత్రం వేయకండి. మనకి మందు, పిల్లికి ఒక్క మాత్రే ప్రాణం తీస్తుంది.

ఈ వారం చేయాల్సినవి: తలుపులు వేరు చేయడం, చిన్నోడి ఆపరేషన్‌కి తేదీ తీసుకోవడం, బుజ్జి మూత్రం పరీక్ష. పిల్లల ఫోటోలు తీసి తెలిసినవాళ్లకి పంపడం మీవారికి అప్పజెప్పండి. ఇళ్లు వెతికే పని ఆయన చేతిలో పెడితే రేవు మాట మళ్లీ రాదు, పైగా రిటైరయ్యాక ఆయనకి పరిచయాలు మీకంటే ఎక్కువే ఉంటాయి.

పిల్లలు వెళ్లిపోయాక తల్లి రెండు మూడు రోజులు ఇల్లంతా తిరుగుతూ పిలుస్తుంది. అది వినడం కష్టం, మీకు ఏడుపొస్తుంది. ఆ రోజుల్లో దాని పక్కన కాసేపు ఎక్కువ కూర్చోండి. దసరా వెళ్లాక బుజ్జి ఎక్కడ పడుకుంటోందో నాకు మళ్లీ ఒక ఉత్తరం రాయండి.